గది 37, ప్రాసెసర్ 14! ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్ ఎండాకాలంలో చెప్తున్న అబద్ధాలు

ఎనిమిదికోర్లు | మధ్యాహ్నం 2:50
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదువుకుని వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు. నా ప్రాసెసర్ ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8350. పాతదే, కానీ మారుద్దామంటే మనసు రావట్లేదు. మామూలుగా 4.0 గిగాహెర్ట్జ్, నేను మల్టిప్లయర్ (స్పీడుని నిర్ణయించే గుణకం) పెంచి 4.6కి ఓవర్‌క్లాక్ చేశాను. బయాస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, వోల్టేజీ 1.45. చలికాలంలో బాక్స్‌తో వచ్చిన కూలర్ తీసేసి, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ పెట్టాను. కేబినెట్‌కి ముందు ఒక ఫ్యాన్, వెనక ఒకటి.

ఇప్పుడు నా గోల వినండి. గోడ మీది థర్మామీటర్ 37 చూపిస్తోంది. కోర్ టెంప్ అనే ప్రోగ్రామ్‌లో చూస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు 14 డిగ్రీలు! మదర్‌బోర్డుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ మాత్రం 46 అంటోంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మొదటిది 55 దాకా, రెండోది 74 దాకా వెళ్తాయి. అదే ఫైలు చలికాలంలో 22 నిమిషాల్లో అయ్యేది. ఇప్పుడు మొదటి పది నిమిషాలు బాగానే వెళ్తుంది, తర్వాత నత్తనడక. నిన్న 41 నిమిషాలు పట్టింది. మధ్యలో మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది.

ఈ రెండింటిలో ఏది నమ్మాలి? 55 అయితే భయపడక్కర్లేదు కదా?

పేస్టురాయుడు | మధ్యాహ్నం 3:04
గది 37, లోపల 14 అంటే మీ దగ్గరున్నది కంప్యూటర్ కాదు సార్, ఫ్రిజ్. ఈ ఎండలకి దాని పక్కనే పడుకోండి.

ముందు చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు మార్చండి. టవర్ కూలర్ పెట్టేటప్పుడు అడుగున ప్లాస్టిక్ కాగితం తీశారా లేదా?

ఎనిమిదికోర్లు | మధ్యాహ్నం 3:10
తీశానండీ! అంత అమాయకుణ్ని కాదు. (రెండోసారి తీశాను. మొదటిసారి తీయలేదు. ఆ సంగతి వదిలేయండి.)

నిదానం | సాయంత్రం 5:22
పేస్టు సంగతి తర్వాత. ముందు ఆ 14 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం, మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

గాలితో చల్లబరిచే ఏ కూలరైనా వేడిని గాలిలోకి తోస్తుంది, అంతే. గదికన్నా చల్లగా చేయడం దాని వల్ల కాదు. నీళ్ల కూలర్ కూడా చివరికి ఆ వేడిని రేడియేటర్ దగ్గర గాలికే ఇవ్వాలి. కాబట్టి గది 37 అయితే 14 అన్నది లెక్కలోకే రాదు, సెన్సర్ ఎంత గొప్పదైనా సరే.

ఎఫ్‌ఎక్స్ తరం చిప్పులు బయటికిచ్చే అంకె అసలు టెంపరేచర్ కాదు. డిగ్రీల వేషం వేసుకున్న ఒక కొలమానం. ఫ్యాన్‌ని ఎప్పుడు పెంచాలి, స్పీడు ఎప్పుడు తగ్గించాలి అని నిర్ణయించడానికే ఏఎండీ దాన్ని పెట్టింది. చిప్పు తట్టుకోగల వేడి హద్దు దగ్గరికి వచ్చేకొద్దీ అది నిజానికి దగ్గరవుతుంది. కింద, ఖాళీగా ఉన్నప్పుడు, దానికి అర్థమే లేదు. మీ చేతిగడియారం పరీక్ష టైముకి సరిగ్గా ఉండి, ఆదివారం తెల్లవారుజామున ఎటు పోయినా మీకేం పట్టదు కదా, అలాంటిదే.

ఏఎండీ ఓవర్‌డ్రైవ్ అనే వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. అందులో "థర్మల్ మార్జిన్" అని ఉంటుంది. అది టెంపరేచర్ చెప్పదు, హద్దుకి ఇంకా ఎంత దూరం ఉందో చెబుతుంది. 8350కి ఆ హద్దు 61 డిగ్రీలు. ఇంటెల్ వాళ్లు 90లు చూసి నవ్వుతుంటారు, మనకి ఆ సౌకర్యం లేదు. 55 అంటే మీకు మిగిలింది ఆరే.

ఇక లెక్క. చిప్పు పుట్టించే వేడి సుమారుగా వోల్టేజీ వర్గం గుణించు స్పీడు. మీ బోర్డు మామూలుగా 1.30 ఇచ్చేదనుకుంటే, 1.45కి వెళ్తే వోల్టేజీ వల్ల 24 శాతం, 4.0 నుంచి 4.6కి 15 శాతం. రెండూ కలిపి గుణిస్తే దాదాపు 43 శాతం ఎక్కువ వేడి. స్పీడు 15 శాతమే పెరిగింది చూడండి.

నీలితెర | సాయంత్రం 6:15
ఈ రోగం ఏఎండీ ఒక్కదానిది కాదులెండి. నా దగ్గర ఇంటెల్ పాత ప్రాసెసర్ కోర్ 2 క్వాడ్ క్యూ9550 ఇంకా బతికే ఉంది. దాని నాలుగు కోర్లలో ఒకటి 43 దగ్గర ఇరుక్కుపోతుంది. బయట చలి వేసినా 43, ఏసీ వేసినా 43. 43 దాటాక మాత్రం బుద్ధిగా పైకి వెళ్తుంది. 45 నానోమీటర్ చిప్పుల్లో ఇది చాలామంది చూసిందే.

ఇంటెల్ లోపలి సెన్సర్ కూడా నేరుగా డిగ్రీలు చెప్పదు. టీజే మ్యాక్స్ అనే హద్దుకి ఎన్ని డిగ్రీలు కింద ఉన్నానో చెబుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ హద్దులోంచి దాన్ని తీసేసి మనకి అంకె వేస్తుంది. ఆ రోజుల్లో హద్దు ఎంతో ఎవరికీ సరిగ్గా తెలియక ఒక ప్రోగ్రామ్ 95 అనుకునేది, ఇంకోటి 105 అనుకునేది. ఒకే చిప్పు, ఒకే క్షణం, రెండు కిటికీల్లో పది డిగ్రీల తేడా! దాని మీద జరిగిన కొట్లాటలు ఇప్పటికీ గుర్తే. 2008లో ఇంటెల్ తన డెవలపర్ల సదస్సులో ఆ అంకెలు బయటపెట్టింది. ఆ ఏడాది చివర వచ్చిన మొదటి కోర్ ఐ7 నుంచి హద్దు చిప్పులోనే రాసి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ చదువుకుంటుంది. ఊహించే బాధ పోయింది.

జెన్‌జీవి | సాయంత్రం 6:40
నేను మోసపోయింది ఇంకో రకం. 2017లో రైజెన్ 7 1700ఎక్స్ కొన్న కొత్తలో, ఏమీ చేయకుండా కూర్చుంటే 55! కూలర్ మూడుసార్లు ఊడదీసి బిగించాను. పేస్టు గింజంత, గీతలా, అడ్డంగా నిలువుగా, అన్నీ అయ్యాయి. తర్వాత ఏఎండీ వాళ్లే తీరిగ్గా చెప్పారు, 1700ఎక్స్, 1800ఎక్స్‌లలో చూపించే అంకెకి కావాలనే 20 డిగ్రీలు కలిపామని. అన్ని మోడళ్లకీ ఒకే ఫ్యాన్ పద్ధతి నడవాలని అలా చేశారట. 1700కి కలపలేదు. తర్వాత 2700ఎక్స్‌కి 10 కలిపారు.

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో టీకంట్రోల్, టీడై అని రెండు వరసలు కనిపిస్తే ఇదే సంగతి. మొదటిది కలిపిన అంకె, రెండోది అసలుది. నా బోర్డు ఫ్యాన్లు మొదటిదాన్ని చూసి అరుస్తుండేవి. ఫ్యాన్ గ్రాఫుని 20 డిగ్రీలు పక్కకి జరిపాక ఇంట్లో ప్రశాంతత.

కొత్తకోరిక | రాత్రి 7:02
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది రైజెన్ 9 7950ఎక్స్. ఎంత పెద్ద కూలర్ పెట్టినా రెండరింగ్‌లో సరిగ్గా 95 దగ్గరే నిలబడుతోంది. ఇదీ సెన్సర్ తప్పేనా? టెన్షన్‌గా ఉంది.

జెన్‌జీవి | రాత్రి 7:09
కాదు, మీది నిజం చెబుతోంది. 95 తగిలేదాకా స్పీడు పెంచుకుంటూ పో అని ఆ చిప్పుకి ముందే చెప్పి పెట్టారు. కూలర్ పెద్దదైతే టెంపరేచర్ తగ్గదు, స్పీడు కాస్త పెరుగుతుంది. బాధగా ఉంటే బయాస్‌లో కరెంటు తక్కువ వాడే ఎకో మోడ్ పెట్టండి, వేడి బాగా పడిపోతుంది, పని మాత్రం అంతగా తగ్గదు. ఇంకా అనుమానాలుంటే వేరే టాపిక్ తెరవండి, పాపం ఇక్కడ 8350 గారు ఉడుకుతున్నారు.

పాతసోల్డర్ | రాత్రి 9:30
ఎనిమిదికోర్లు గారూ, అందరూ 14 చుట్టూ తిరుగుతున్నారు. నాకు గుచ్చుకుంటోంది ఆ 74. మదర్‌బోర్డు చూపించేది ప్రాసెసర్ లోపలి టెంపరేచర్ కాదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కింద, బోర్డు మీదుండే సెన్సర్‌ది. దాని పొరుగున ఎవరున్నారో తెలుసా? ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి పంపే వీఆర్‌ఎం. అది కాగితే సాకెట్ సెన్సర్ కూడా కాగుతుంది. కోర్‌కీ సాకెట్‌కీ 19 డిగ్రీల తేడా అంటే నా అనుమానం అటే పోతోంది.

మూడు ప్రశ్నలు. ఒకటి, నత్తనడక మొదలయ్యాక ప్రాసెసర్ స్పీడు ఎంత చూపిస్తోంది? 1.4 గిగాహెర్ట్జ్ అని చెబితే నేను ఆశ్చర్యపోను. రెండు, లోడ్‌లో, అంటే బరువు పని మీద ఉండగా వోల్టేజీ ఎంత? బయాస్‌లో పెట్టింది కాదు, అప్పుడు చూపించేది. మూడు, పాత బాక్స్ కూలర్ గాలి ఎటు ఊదేది?

ఎనిమిదికోర్లు | రాత్రి 9:41
మూడోది ఇప్పుడే చెప్పగలను. పాతది బోర్డు మీదికి, కిందికి ఊదేది. టవర్‌ది అడ్డంగా వెనక్కి పోతుంది. మిగతావి రేపు మధ్యాహ్నం ఎండ మీద ఉన్నప్పుడు చూసి చెప్తాను.

పాతసోల్డర్ | రాత్రి 9:44
ఆ మూడోదే నేను వినాలనుకున్నది.

గాలిగుమ్మటం | రాత్రి 10:18
రేపు చూసేటప్పుడు ఇంకో పని. గోడ మీది థర్మామీటర్ తెచ్చి కేబినెట్ ముందు ఫ్యాన్ దగ్గర పావుగంట పెట్టండి. గది 37 కావచ్చు, బల్ల కింద గోడకి ఆనించిన డబ్బా పీల్చే గాలి 37 కాదు. వెనక నుంచి వదిలిన వేడిగాలి గోడకి కొట్టుకుని మళ్లీ ముందుకే వస్తుంది. నాది అలాగే 5 డిగ్రీలు తేడా వచ్చింది.

తర్వాత పక్క తలుపు ఊడదీసి అదే ఎక్స్‌పోర్ట్ మళ్లీ పెట్టండి. బాగా తగ్గితే తప్పు కేబినెట్ గాలిది. ఏమీ మారకపోతే కూలర్‌దో, దాని కిందదో.

పనిలో పని, అంకె ఎంత వేగంగా ఎక్కుతోందో కూడా గమనించండి. లోడ్ పెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే ఎగిరి హద్దుకి తగిలి, ఆపగానే ధబేల్మని పడితే చిప్పుకీ కూలర్‌కీ మధ్య సరిగ్గా అంటలేదని. అప్పుడు పేస్టురాయుడు గారిని పిలవండి. పది నిమిషాలు మెల్లగా పాకుతూ ఎక్కితే అంటడం బాగానే ఉంది, వేడి బయటికి పోవట్లేదు.

మంచుగడ్డ | రాత్రి 10:35
ఇంత లెక్కలెందుకు, కేబినెట్‌లో ఐస్ ప్యాకెట్లు పెట్టేయొచ్చు కదా? మా తమ్ముడు పెట్టాడు.

పాతసోల్డర్ | రాత్రి 10:39
తమ్ముడి సిస్టమ్ ఇంకా ఆన్ అవుతోందా?

చుట్టూ గాలికన్నా బాగా చల్లగా ఉన్న వస్తువు మీద చెమ్మ పడుతుంది. చల్లటి నీళ్ల గ్లాసు చుట్టూ పట్టేది అదే. ఆ చుక్క జారి బోర్డు మీద పడితే మన చర్చ ముగిసినట్టే. ఏసీ గదిలో సిస్టమ్ నడిపితే ఏమీ కాదు, ఎందుకంటే లోపలి భాగాలన్నీ గదికన్నా వేడిగానే ఉంటాయి. నీళ్లతో నడిచే ఎయిర్ కూలర్ తుంపర్లు మాత్రం నేరుగా కేబినెట్‌లోకి కొట్టించకండి.

ఎనిమిదికోర్లు | మరుసటి రోజు మధ్యాహ్నం 3:35
పాతసోల్డర్ గారూ, మీ నోటి మాట నిజమైంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ముందు కూర్చుని చూశాను. తొమ్మిది నిమిషాల దాకా 4.6. తర్వాత ఒక్కసారి 1.4కి పడింది. రెండు మూడు సెకన్లు ఉండి మళ్లీ 4.6. మళ్లీ 1.4. అలా ఊగుతూనే ఉంది. అప్పుడు కోర్ 55, మార్జిన్ ఇంకా 6 ఉంది! అంటే ప్రాసెసర్ తన వేడికి తగ్గలేదు.

పక్క తలుపు తీసి, సాకెట్ పైన ఉన్న చిన్న నల్ల హీట్‌సింక్ (వేడి వదిలే లోహపు దిమ్మ) మీద వేలు ఆనించాను. ఒక్క సెకను కూడా ఉంచలేకపోయాను, వేలు ఎర్రబడింది. టవర్ కూలర్ రెక్కలు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి.

లోడ్‌లో వోల్టేజీ 1.49. బయాస్‌లో పెట్టింది 1.45. ఆ 0.04 ఎక్కడిది?

గాలిగుమ్మటం గారూ, ఫ్యాన్ ముందు థర్మామీటర్ 41. ముందు జాలీ ఊడదీస్తే దుమ్ము దుప్పటిలా ఒకే ముక్కగా చేతిలోకి వచ్చింది. ఫొటో పెట్టడానికి సిగ్గేసింది.

నిదానం | మధ్యాహ్నం 3:58
ఆ 0.04 లోడ్ లైన్ కాలిబ్రేషన్‌ది. లోడ్ పడ్డప్పుడు వోల్టేజీ కొంచెం కుంగుతుంది, ఆ కుంగుడుని పూడ్చడానికి బోర్డులో ఆ సెట్టింగ్ ఉంటుంది. అన్నింటికన్నా పై మెట్టు మీద పెడితే పూడ్చడంతో ఆగదు, అడిగినదానికన్నా ఎక్కువే పోస్తుంది. మీది పై మెట్టు మీదే ఉందని పందెం.

అలాగైతే నా నిన్నటి 43 శాతం లెక్క తప్పు. 1.49తో చేస్తే 51 శాతం. ఆ కరెంటంతా మోయాల్సింది ఆ చిన్న నల్ల హీట్‌సింక్ కింద ఉన్న వీఆర్‌ఎం.

పాతసోల్డర్ | సాయంత్రం 4:20
ఇక కథ తేలిపోయింది. పాత కూలర్ గోల చేసేది, చిప్పుని అంతగా చల్లబరిచేది కాదు. కానీ తెలియకుండానే ఇంకో ఉద్యోగం చేస్తుండేది, కిందికి ఊదిన గాలి నాలుగు వైపులా చెదిరి వీఆర్‌ఎం మీదుగా పోయేది. మీరు మంచి కూలర్ పెట్టి ఆ గాలిని ఆపేశారు. చలికాలంలో నెట్టుకొచ్చింది. ఎండలు రాగానే వీఆర్‌ఎం తన హద్దుకి వెళ్లి, ప్రాసెసర్‌ని 1.4కి తొక్కి ప్రాణం కాపాడుకుంటోంది. చాలా బోర్డుల్లో దీనికి మనకి కనిపించే సెన్సరే ఉండదు. అందుకే ఏ అంకెలోనూ దొరకలేదు.

వేలు పెట్టడం మళ్లీ చేయకండి. నేను పెట్టమనలేదు! దాని రెక్కలు 80 దాటి ఉండొచ్చు, పక్కనే కరెంటు పారే పిన్నులుంటాయి.

తుపాకీథర్మామీటర్ | సాయంత్రం 4:33
వేలెందుకు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడొచ్చు కదా. నేను నా కూలర్ మీద కొడితే ఎప్పుడూ 36, 38 మించదు, బ్రహ్మాండంగా ఉంది.

పాతసోల్డర్ | సాయంత్రం 4:41
మీ కూలర్ మెరిసే నికెల్ పూతదేనా? అయితే అది కొలిచింది కూలర్‌ని కాదు, అద్దంలో మీ మొహాన్ని. మెరిసే లోహం తన వేడిని చాలా తక్కువగా వెదజల్లుతుంది, ఎదుటి వస్తువుల వేడిని తిప్పి కొడుతుంది. ఒక చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది వేడెక్కాక దాని మీద గురిపెట్టండి.

తుపాకీథర్మామీటర్ | సాయంత్రం 5:10
... 52. థ్యాంక్సండీ. రెండేళ్లుగా ఆ 36 చెప్పుకుని తిరుగుతున్నాను.

నిదానం | సాయంత్రం 5:25
ఎనిమిదికోర్లు గారూ, చేయాల్సినవి ఇవి. లోడ్ లైన్‌ని మధ్య మెట్టుకి దించండి. 4.4 గిగాహెర్ట్జ్‌కి రండి, ఎందుకంటే ఆ చివరి 0.2 కోసమే వోల్టేజీ అంత తింటోంది. లోడ్‌లో 1.36 దగ్గర నిలుస్తుందేమో చూసి, ఒక్కో మెట్టు దించుతూ ప్రైమ్95 (ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ పెట్టి తప్పులు పట్టే ప్రోగ్రామ్)తో పరీక్షించండి. తప్పు దొరికితే ఒక మెట్టు పైకి. 4.4, 1.36 నిలబడితే ఇప్పటికన్నా వేడి 20 శాతం తగ్గుతుంది. పోయే స్పీడు 4 శాతం చిల్లర. కేబినెట్‌ని గోడకి జానెడు ముందుకి లాగండి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, బొంగరంలా తిరగనివ్వకండి, బేరింగు పోతుంది.

పాతసోల్డర్ | సాయంత్రం 5:31
దానికి తోడు ఒక 80 మిల్లీమీటర్ల పాత ఫ్యాన్‌ని జిప్ టైలతో కట్టి వీఆర్‌ఎం మీదికి ఊదేలా పెట్టండి. అందంగా ఉండదు. పనిచేస్తుంది.

ఇంకోటి, టెంపరేచర్ చూపించే ప్రోగ్రాములు మూడు నాలుగు ఒకేసారి తెరిచి పెట్టకండి. అన్నీ ఒకే సెన్సర్ చిప్పుని ఒకేసారి అడిగితే అప్పుడప్పుడు పిచ్చి అంకెలు వస్తాయి. బోర్డు సాఫ్ట్‌వేర్‌లో 127 అనో, సున్నాకి కింద ఏదో అనో కనిపించినా కంగారు పడకండి. అక్కడ సెన్సర్ తగిలించి ఉండదు, ఖాళీ పిన్ను అలా కూస్తుంది.

ఎనిమిదికోర్లు | రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం 4:05
చేశాను, అన్నీ. లోడ్ లైన్ నిజంగానే పై మెట్టు మీదే ఉంది. 4.4 దగ్గర 1.36 నిలబడలేదు, రెండు గంటల తర్వాత ప్రైమ్95లో ఒక కోర్ తప్పు చేసింది. 1.375కి పెంచాక రాత్రంతా నడిచింది. పాత కేబినెట్‌లోంచి పీకిన 80 ఫ్యాన్‌ని కట్టాను, కాస్త ఈలలా మోగుతోంది కానీ సహిస్తాను. డబ్బాని బల్ల కిందనుంచి బయటికి లాగాను, ఫ్యాన్ ముందు ఇప్పుడు 38.

అదే ఫైలు, అదే మండుటెండ, 23 నిమిషాలు. స్పీడు 4.4 నుంచి ఒక్కసారి కూడా కదల్లేదు. మార్జిన్ 11. సాకెట్ 59. ఈసారి వేలు పెట్టలేదు, నల్ల టేపు అంటించి పక్కింటాయన థర్మామీటర్‌తో చూశాను, వీఆర్‌ఎం హీట్‌సింక్ 63.

విచిత్రం ఏంటంటే, 4.6 దగ్గర 41 నిమిషాలు పట్టింది 4.4 దగ్గర 23కి అయిపోయింది.

పాతసోల్డర్ | సాయంత్రం 4:12
ఆ ఈల ఫ్యాన్‌ని ఏడు వోల్టుల మీద నడపండి, ఈల పోతుంది. వీఆర్‌ఎంకి చేతిలో పట్టే గాలి చాలు.

పేస్టురాయుడు | సాయంత్రం 4:30
అంతా బాగానే ఉంది. పేస్టు మార్చారా, లేదా?

ఎనిమిదికోర్లు | సాయంత్రం 4:34
మార్చానండీ, మీ కోసమే. ఒక డిగ్రీ తగ్గింది. ఖాళీగా ఉన్నప్పుడు ఇప్పుడు 13 చూపిస్తోంది.